మనుషులు దొరకట్లేదా, నిలబడట్లేదా? చిన్న యజమానులకు బరంపురం నుంచి

ఒడిశాలో ఉన్న మా బరంపురం బడా బజార్‌లో పొద్దున్నే ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఒకటే మాట వినిపిస్తుంది, "మనుషులు దొరకట్లేదండీ" అని. బట్టల కొట్టాయనా అదే అంటాడు, స్వీట్ల కొట్టాయనా అదే, అప్పడాలు, పచ్చళ్ళు చేయించి అమ్ముకునే నేనూ పదేళ్ళు అదే అన్నాను. కుర్రాళ్ళంతా సూరత్ రైలెక్కేస్తున్నారు, మిగిలినవాళ్ళు విశాఖపట్నం పోతున్నారు, ఇంక ఇక్కడ పనికి ఎవరున్నారు అని. గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాల మీదికి వెళ్ళే జనం సంగతి ఈ వైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు కాబట్టి ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పరు కూడా.

ఒక ఏడాది జీఎస్టీ కాగితాలు వెతుకుతుంటే పాత హాజరు పుస్తకం చేతికొచ్చింది. ఊరికే తిరగేశాను. ఆ ఒక్క ఏడాదిలో మా షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళు 14 మంది. దసరా నాటికి మిగిలినవాళ్ళు ముగ్గురు. అంటే మనుషులు దొరికారు. దొరికి, నాలుగు నెలలు మమ్మల్ని చూసి, పోయారు. ఊరంతా తిరిగి నేను చెప్పుకుంటున్నది సగం అబద్ధమని ఆ రోజు తెలిసింది.

మాది ఇప్పుడు 23 మంది ఉన్న యూనిట్. అప్పడాలు ఒత్తే ఆడవాళ్ళు ఎక్కువ, పచ్చళ్ళ దగ్గర నలుగురు, ప్యాకింగ్, వ్యాన్ మీద లైన్‌కి, అంటే ఊళ్ళలో కొట్లకి సరుకు వేయడానికి, వెళ్ళే కుర్రాళ్ళు, కొట్టులో ఇద్దరు, లెక్కలు చూసే ఒకాయన. సగం మంది తెలుగు, సగం ఒడియా. ఇలాంటి యూనిట్లు, కొట్లు, వర్క్‌షాపులు నడిపేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. పెద్ద కంపెనీలకి హెచ్‌ఆర్ వాళ్ళుంటారు, వాళ్ళ తిప్పలు వాళ్ళవి.

ముందు హాజరు పుస్తకం తీయండి

రెండేళ్ళ పుస్తకాలు ముందేసుకుని, మానేసిన ప్రతి మనిషి పేరు పక్కన మూడు రాయండి: ఎన్నో నెలలో మానేశారు, ఏ పనిలో ఉన్నారు, ఎవరి కింద పనిచేశారు. అంతే. మా పుస్తకంలో 11 మందిలో ఏడుగురు ఒకే ఆయన కింద, అంటే ప్యాకింగ్ చూసే మా దూరపు చుట్టం కింద పనిచేసినవాళ్ళు. ఇది ఎవరూ నాకు చెప్పలేదు, చెప్పరు కూడా.

మానేసే రోజున కారణం అడిగి లాభం లేదు. "ఊర్లో పనుంది బాబూ", "చెల్లి పెళ్ళి కుదిరింది" అంటారు. రావాల్సిన డబ్బు మన చేతిలో ఉన్నప్పుడు నిజం ఎవరు చెప్తారు? డబ్బంతా ఇచ్చేసి, రెండు మూడు నెలలు ఆగి, వాళ్ళకి చనువున్న మనిషి చేత కదిపించండి. అప్పుడు చెప్తారు.

కొత్త మనిషి వస్తే మనకి ఎంత పడుతుందో కూడా ఒకసారి లెక్క కట్టుకోండి. అప్పడం ఒకే మందంలో, ఒకే చుట్టుకొలతతో ఒత్తడం చెయ్యి తిరగాలంటే రెండు నెలలు పడుతుంది, ఆ రెండు నెలలూ పాడయ్యే పిండి, నేర్పే మనిషి వదులుకునే టైము, తిరిగొచ్చే ప్యాకెట్లు, అన్నీ మన జేబులోంచే. ఇది మన ఒక్కళ్ళ గొడవ కాదు. 1913లో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో మనుషుల రాకపోకలు ఏడాదికి 370 శాతం తేలాయి, అంటే ఒక్కో చోట ఏడాదిలో మూడు నాలుగు సార్లు మనిషి మారినట్టు. 1914 జనవరిలో ఆయన రోజు కూలిని దాదాపు రెట్టింపు చేసి 5 డాలర్లు అన్నాడు, పని 9 గంటల నుంచి 8కి తగ్గించాడు, మానేసేవాళ్ళు బాగా తగ్గిపోయారు. జాలిపడి ఇచ్చింది కాదది, లెక్క చూసుకుని ఇచ్చిందే. (ఆ డబ్బు పూర్తిగా రావాలంటే ఇంట్లో ఎలా ఉంటున్నారు, తాగుతున్నారా అని చూడటానికి మనుషుల్ని కూడా పంపేవాడు. అది మాత్రం నేర్చుకోకండి.)

జీతం, గడియ, ఉప్పు

మా షెడ్డులో మరుగుదొడ్డి తలుపుకి గడియ సరిగ్గా పడేది కాదు. నాకు తెలియదా అంటే తెలుసు, చాలా కాలంగా తెలుసు. మానేసిన ఒకామెని మా ఆవిడ గుడి దగ్గర చూసి మాటల్లో పెడితే బయటపడింది, ఆ దొడ్డికి వెళ్ళాల్సి వస్తుందని ఆమె పొద్దున పనికొచ్చిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగేది కాదట. మే నెలలో, ఈ ఉక్కలో. గడియ ఖరీదు 60 రూపాయలు.

గడియ పెట్టించాక ఎవరైనా నన్ను పొగిడారా? లేదు. ఎందుకు పొగుడుతారు? కూరలో ఉప్పు సరిపోయిందని ఎవరైనా వంటమనిషికి దండేస్తారా? లేకపోతే మాత్రం ముద్ద నోట్లో పెట్టుకోరు.

అమెరికాలో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే సంగతిని 1959లో పద్ధతిగా చెప్పాడు. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల దాదాపు 200 మంది ఇంజనీర్లని, అకౌంటెంట్లని కూర్చోబెట్టి, పనిలో మీకు చాలా సంతోషం వేసిన సందర్భం ఒకటి చెప్పండి, విసుగెత్తిపోయిన సందర్భం ఒకటి చెప్పండి అని అడిగితే, రెండు రకాల జవాబుల్లో వచ్చిన కారణాలు వేరువేరుగా తేలాయి. విసుగు పుట్టించినవి కంపెనీ పద్ధతులు, పైవాడి తీరు, జీతం, పనిచేసే చోటు. సంతోషం కలిగించినవి ఒక పని సాధించడం, దాన్ని ఎవరో గుర్తించడం, పనిలోనే ఉన్న ఆసక్తి, బాధ్యత ఇవ్వడం, ముందుకు ఎదగడం. మొదటి రకం బాగుచేస్తే విసుగు పోతుంది కానీ ఉత్సాహం దానంతట అదే రాదు అన్నాడు. ఆయన్ని తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు, మంచి జరిగితే నా గొప్ప, చెడు జరిగితే కంపెనీ తప్పు అనడం మనిషి నైజం కదా, అలా అడిగితే జవాబు అలాగే వస్తుంది అని. నిజమే కావచ్చు. కానీ షెడ్డు నడిపేవాడికి ఈ విభజన చేతికి పనికొస్తుంది: ఉప్పు సంగతులు ముందు సరిచెయ్యి, వాటికి పొగడ్త ఆశించకు, ఆ తర్వాత అసలు వంట.

ఉప్పు సంగతుల్లో మొదటిది జీతం తేదీ. ఎంత ఇస్తున్నారన్నది ఎలాగూ మాట్లాడతారు, ఎప్పుడు ఇస్తున్నారన్నది మాత్రం చాలామంది యజమానులకి పట్టదు. చట్టం ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ లోపు ఇవ్వాలి. మేము 5 అనుకున్నాం, ఆదివారం పడితే శనివారమే. తేదీ ఖాయమైన మొదటి మూడు నెలల్లోనే అడ్వాన్సు అడిగేవాళ్ళు సగానికి తగ్గారు, ఎందుకంటే అప్పటిదాకా సగం అడ్వాన్సులు మన ఆలస్యం వల్లే. మిగిలిన అడ్వాన్సులకి ఒక చిన్న నోట్‌బుక్ మా దగ్గర, ఒకటి వాళ్ళ దగ్గర, రెండిట్లోనూ ఒకేసారి రాసుకోవడం. "మొన్న ఇచ్చాను కదా", "ఎప్పుడిచ్చారు బాబూ" అనే గొడవ దాంతో పోయింది.

ఇంకోటి, చట్టం ప్రకారం ఇవ్వాల్సింది బహుమతిలా ఇవ్వకండి. 20 మంది, ఆపైన ఉన్న చోట అర్హులైనవాళ్ళకి ఏడాది బోనస్ కనీసం 8.33 శాతం, అంటే దాదాపు ఒక నెల జీతం, పై హద్దు 20 శాతం. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి. 10 మంది, ఆపైన ఉంటే, 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళకి ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, అందులో మన వాటా 3.25 శాతం, వాళ్ళది 0.75. నేను చాలా ఏళ్ళు దసరా బోనస్ కవర్లో పెట్టి, దేవుడి పటం ముందు నిలబడి, ఒక్కొక్కళ్ళ చేతిలో పెట్టి ఫోటో తీయించేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వాళ్ళ డబ్బు వాళ్ళకిస్తూ నాకు ఫోటో ఏమిటి? ఇప్పుడు బ్యాంకులో పడుతుంది, చీటీలో లెక్క ఉంటుంది.

సెలవుల సంగతి ఈ సరిహద్దు ఊళ్ళలో మరీ ముఖ్యం. జూన్ మధ్యలో ఒడియా వాళ్ళకి రజో మూడు రోజులు, ఆ రోజుల్లో ఆడవాళ్ళు పని ముట్టుకోరు, ఉయ్యాలలూగుతారు. మనకి సంక్రాంతి, ఉగాది. ఒకసారి రజోకి రానివాళ్ళ కూలి కోసేశాను, సంక్రాంతికి మాత్రం షెడ్డు మూసేశాను. నాకు అందులో తప్పు కనిపించలేదు, ఎందుకంటే నా క్యాలెండర్లో రజో లేదు. వాళ్ళకి మాత్రం ఇది ఎవరి కొట్టో ఆ రోజు బాగా అర్థమైంది. ఇప్పుడు జనవరిలోనే అందరూ కూర్చుని ఏడాది సెలవుల లిస్టు రాసుకుంటాం, రజోకి షెడ్డు మూత, తెలుగు వాళ్ళకి కూడా.

చెడ్డ రోజున ఏం చేశామన్నది కూడా మర్చిపోరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా షెడ్డు రేకులు సగం లేచిపోయాయి. మూడు వారాలు పని లేదు. నాన్న అప్పటికి ఉన్నారు, అందరికీ సగం కూలి ఇద్దామన్నారు, నేను గొణిగాను, రేకులకే డబ్బు లేదంటే కూలి ఎక్కడిది అని. ఇచ్చారు. అప్పుడున్న తొమ్మిది మందిలో ఐదుగురు ఇప్పటికీ ఉన్నారు, గొణిగినవాడిని మాత్రం నేనే.

పక్కవాడి జీతం

మీ జీతాలు బజారు రేటు కన్నా తక్కువా ఎక్కువా అని మీరు చూసుకుంటారు. పనిచేసేవాళ్ళు ముందు చూసేది పక్కవాడి వైపు. మా బావమరిది కొడుకుని లెక్కల దగ్గర పెట్టుకున్నప్పుడు, కుర్రాడు చదువుకున్నాడు కదా అని, పదిహేనేళ్ళుగా ఉన్న పచ్చళ్ళ మాస్టారుకన్నా వెయ్యి ఎక్కువ రాశాను. ఎవరికీ చెప్పలేదు. రెండో రోజుకల్లా వ్యాన్ డ్రైవర్‌తో సహా అందరికీ తెలుసు. మాస్టారు నాతో ఏమీ అనలేదు, కానీ అంతకుముందు ఆవకాయ కలిపే రోజున నన్ను పిలిచి ఒక ముద్ద తినిపించేవాడు, ఆ ఏడాది పిలవలేదు.

జె. స్టేసీ ఆడమ్స్ అనే ఆయన 1960ల్లో చెప్పింది ఇదే: మనిషి తను పెట్టిన శ్రమకి తనకొచ్చినదాన్ని, పక్కవాడి శ్రమకి వాడికొచ్చినదాంతో పోల్చుకుంటాడు, తేడా కనిపిస్తే దాన్ని తనే సరిచేసుకుంటాడు. ఎలా? శ్రమ తగ్గించుకుని. అదే సులువు. మనం దాన్ని బద్ధకం అంటాం.

దీనికి మందు చేదుగా ఉంటుంది. ఏ పనికి ఎంత, ఏడాది సర్వీసుకి ఎంత కలుస్తుంది, ఏం నేర్చుకుంటే ఎంత పెరుగుతుంది, ఒక కాగితం మీద రాసి అందరికీ చెప్పేయాలి. చుట్టాలకి ఇంకో రేటు ఇవ్వాలనుంటే ఇంట్లోంచి ఇచ్చుకోండి, షెడ్డు లెక్కలోంచి వద్దు. నేను మాస్టారు జీతం సరిచేశాను. ముద్ద మాత్రం రెండేళ్ళకి గానీ రాలేదు.

తిట్టడం, పిలవడం, ఏ భాషలో

అందరిముందూ తిట్టకూడదన్నది పాత మాటే, ఊరికే దాటేస్తాను. మా దగ్గర దానికన్నా లోతైన జబ్బు ఇంకోటి ఉండేది. నేను, లెక్కలాయన షెడ్డులో నిలబడి తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం, పిండి రేటు గురించో, టెక్కలి పార్టీ బాకీ గురించో. మాట్లాడేటప్పుడు కళ్ళు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, ఎదురుగా ఒత్తుతున్న ఒడియా ఆడవాళ్ళ మీద ఉండేవి. వాళ్ళకి అక్కడక్కడా మాటలు అందేవి, "తక్కువ", "ఎక్కువ", "తీసేయ్". తీసేయమన్నది పాత స్టాకు. తననే తీసేస్తున్నారనుకుని ఒకామె వారం రోజులు నిద్రపోలేదట, తర్వాత తనే మానేసింది.

మీరు రాయగడలో ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నా, అటు మహారాష్ట్ర వైపు దెగ్లూరు, సిరొంచల్లో ఉన్నా ఈ జబ్బు ఏదో రూపంలో ఉంటుంది, భాషలు మారతాయంతే. మేము పెట్టుకున్న నియమం ఒకటే: షెడ్డులో, నలుగురూ ఉన్నప్పుడు, అక్కడున్న అందరికీ వచ్చిన భాషే. చాటుగా మాట్లాడాల్సింది ఉంటే ఆఫీసు గదిలోకి. నా ఒడియా గొప్పగా ఏమీ ఉండదు, నేను మాట్లాడితే వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ, అదీ మంచికే.

పిలుపు కూడా అంతే. "ఏయ్", "ఒసే", "ఇదిగో నిన్నే" పోయి పెద్దవాళ్ళని "అక్కా", "మౌసీ" అని, మిగిలినవాళ్ళని పేరుతో పిలవడం మొదలైంది. ప్యాకింగ్ చూసే మా చుట్టాన్ని ఏం చేశానంటారా, మనుషుల మీద పెత్తనం తీసేసి సరుకు కొనే పని ఇచ్చాను. మినుముల బేరాల్లో ఆయన నోరు పనికొస్తోంది.

అసలు వంట: పని మీద వాళ్ళ మాట చెల్లడం

మొదట్లో కిలో పిండికి ఇంత అని కూలి ఇచ్చేవాళ్ళం. ఎక్కువ ఒత్తితే ఎక్కువ వస్తుంది, ఇంతకన్నా ఉత్సాహం ఏముంటుంది అనుకున్నాను. అప్పడాలు మందమైపోయాయి. మందంగా ఒత్తితే పిండి తొందరగా అయిపోతుంది, చెయ్యి తక్కువ నొప్పి పెడుతుంది, కూలి అదే. వేయిస్తే అంచు మాడుతుంది, మధ్యలో పచ్చి. అస్కా నుంచి ఒక హోటలాయన రెండు పెట్టెలు తిప్పి పంపాడు. సరే అని వంద అప్పడాలకి ఇంత అని మార్చాను. పది రోజుల్లో అప్పడం అరచేతంత అయింది, పల్చబడి ప్యాకెట్లోనే విరిగిపోయేది. వాళ్ళు మోసం చేశారా అంటే, లేదు. నేను దేనికి డబ్బు కట్టానో అది పొల్లుపోకుండా చేసిచ్చారు.

డబ్బు ఆశ చూపితే అంతకుముందు ఉన్న ఇష్టం కూడా పాడయ్యే సందర్భాలున్నాయి. 1971లో ఎడ్వర్డ్ డెసి అనే పరిశోధకుడు కాలేజీ విద్యార్థులకి ఘనాలతో ఆడే ఒక పజిల్ ఇచ్చి, కొందరికి విప్పినందుకు డబ్బిచ్చి, తర్వాత ఆపేస్తే, డబ్బు తీసుకున్నవాళ్ళు ఖాళీ టైములో ఆ పజిల్ ముట్టుకోవడం తగ్గిపోయింది. జరిమానా కూడా ఇలాగే తిరగబడుతుంది. ఇజ్రాయెల్‌లో హైఫా ఊళ్ళో పిల్లల సంరక్షణ కేంద్రాల్లో, సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి ఫైన్ పెడితే ఆలస్యాలు పెరిగాయి, ఫైన్ ఎత్తేశాక కూడా తగ్గలేదు. అంతకుముందు టీచరమ్మని కూర్చోబెట్టామే అని మొహమాటం ఉండేది, ఇప్పుడు డబ్బు కట్టాం కదా. మా దగ్గర ఆలస్యానికి 20 రూపాయల కోత ఉండేది, ఇది చదివాక మా వ్యాన్ కుర్రాళ్ళ హాజరు చూసుకుంటే, ఒకడు వారంలో నాలుగు రోజులు హాయిగా 20 కట్టి అరగంట ఎక్కువ పడుకుంటున్నాడు.

ఇప్పుడు మా దగ్గర రోజు కూలి. దానిపైన నెలలో తిరిగొచ్చిన సరుకు ఒక హద్దు కన్నా తక్కువుంటే అందరికీ సమానంగా కొంత. మొదటి రెండు నెలలు ఒత్తే సంఖ్య తగ్గింది, నాకు టెన్షన్ పట్టుకుంది, మా ఆవిడ ముఖం చూడలేకపోయాను. మూడో నెల నుంచి తిరిగొచ్చే పెట్టెలు తగ్గడం మొదలై లెక్క సరిపోయింది. కానీ మనుషుల్లో మార్పు తెచ్చింది ఈ కూలి పద్ధతి అని నేననుకోను. దానితోపాటే ఇంకోటి జరిగింది.

అప్పడాల వ్యాపారంలో పెద్ద నిర్ణయం వానాకాలంలో పొద్దున ఆరింటికి ఉంటుంది: ఇవాళ పిండి కలపాలా వద్దా. కలిపాక ఒత్తాలి, ఒత్తాక ఆరాలి, ఆరకపోతే బూజు. ఈ నిర్ణయం ఎప్పుడూ నాదే. ఇంట్లో మంచం మీంచి ఫోన్ చేసి "కానివ్వండి" అనేవాణ్ణి. కిలోకి కూలి ఉన్న రోజుల్లో వాళ్ళూ సరే అనేవాళ్ళు, ఒత్తితేనే కదా డబ్బు. ఒకరోజు పిండి కలిపే అక్క, ఇచ్ఛాపురం వైపు మనిషి, నాన్న నాటి నుంచి ఉంది, ఫోన్లో నెమ్మదిగా అంది: "ఈ మబ్బుకి ఒద్దు బాబూ, గాలి తూరుపు నుంచి తిరిగింది. రేపటికి బూజెక్కిపోద్ది." నేను కానిమ్మన్నాను. 40 కిలోలు పారబోశాం. ఆమె ఒక్క మాట అనలేదు, అంటే నాకు ఇంత గుచ్చుకునేది కాదేమో.

తర్వాతి వారం నుంచి ఆ నిర్ణయం ఆమెకి ఇచ్చేశాను. ఆమె వద్దంటే ఒత్తడం లేదు, అందరూ ప్యాకింగ్, మినుములు ఏరడం, డబ్బాలు కడగడం, కూలి మాత్రం పూర్తిగా. పిండి బాలేదనిపిస్తే ఎవరైనా ఆమెకి చెప్పి ఆ వాయి పక్కన పెట్టించొచ్చు, నన్ను అడగక్కర్లేదు. ఇలా ఇచ్చేటప్పుడు మూడు జాగ్రత్తలు. హద్దు ముందే చెప్పాలి, మాకు నెలకి ఆరు రోజుల దాకా ఆమె ఇష్టం, దాటితే కూర్చుని మాట్లాడుకుంటాం. తప్పైతే కూలి కోయకూడదు, కోస్తే ఇంకెప్పుడూ నిర్ణయం తీసుకోరు, ప్రతిదానికీ మీకే ఫోన్ చేస్తారు. ఇచ్చింది మధ్యలో లాక్కోకూడదు, ఇదే కష్టం.

ఇంకో చిన్న పని ఖర్చు లేకుండా చేశాం. అప్పడాలు ఒత్తేవాళ్ళకి అవి ఎవరు తింటున్నారో తెలీదు. సరుకు వ్యాన్ ఎక్కాక వాళ్ళకి దాంతో సంబంధం లేదు. ఇప్పుడు లైన్ నుంచి వచ్చిన కుర్రాడు నాకు చెప్పేముందు షెడ్డులో చెప్తాడు, ఛత్రపురంలో ఫలానా కొట్టాయన ఏమన్నాడు, ఎక్కడ విరిగాయి, ఎవరు ఇంకా కావాలన్నారు. తిట్లు కూడా ఉన్నవున్నట్టు. అమెరికాలో ఒక యూనివర్సిటీకి ఫోన్లు చేసి చందాలు అడిగే ఉద్యోగుల మీద ఆడమ్ గ్రాంట్ అనే ఆయన చేసిన పరిశోధన ఉంది: ఆ చందాలతో స్కాలర్‌షిప్ పొందిన ఒక విద్యార్థిని తెచ్చి వాళ్ళతో కాసేపు మాట్లాడిస్తే, నెల తర్వాత చూసేసరికి వాళ్ళు ఫోన్ మీద గడిపే టైము రెట్టింపు దాటింది. మా దగ్గర అంత గొప్ప మార్పేమీ కొలవలేదు. కానీ పెళ్ళి ఆర్డరు వస్తే "ఎవరి పెళ్ళంటా?" అని అడగడం మొదలైంది, పెళ్ళి అప్పడానికి మిరియం కాస్త తక్కువ వేద్దాం, పిల్లలుంటారు అన్నది కూడా వాళ్ళే.

కుర్రాళ్ళు సూరత్ వెళ్తామంటే

వెళ్ళనివ్వండి. అక్కడొచ్చే డబ్బు మనం ఇవ్వలేం, బతిమాలితే ఇంకో రెండు నెలలు ఉండి, ముఖం మాడ్చుకుని వెళ్తారు. బాకీలు పూర్తిగా తీర్చి, మళ్ళీ రావాలనిపిస్తే రా బాబూ అని చెప్పి పంపండి. మా వాళ్ళలో వెళ్ళిన ఐదుగురిలో ఇద్దరు తిరిగొచ్చారు, 12 గంటల షిఫ్టులు పడలేక ఒకడు, నాన్నకి బాలేక ఒకడు.

ఉన్నన్నాళ్ళు వాళ్ళకి ఏదో ఒకటి నేర్పండి. డ్రైవింగ్ లైసెన్స్ ఖర్చు పెట్టుకోండి, బిల్లింగ్ కంప్యూటర్ మీద కూర్చోబెట్టండి, ఒక లైన్ మొత్తం అప్పగించండి. నేర్పితే పోతారు కదా అంటారు. నేర్పకపోతే ఉంటున్నారా?

అడగడం

మీటింగు పెట్టి "ఎవరికైనా ఇబ్బందులున్నాయా?" అంటే తలలు దించుకుంటారు. చికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 1920ల చివర్లో 20 వేల మందికి పైగా కార్మికులతో విడివిడిగా మాట్లాడారు, మొదట్లో ముందే రాసుకున్న ప్రశ్నలు అడిగితే జనం వాటిని వదిలేసి ఇంకేదో చెప్పుకొచ్చేవారట, చివరికి ప్రశ్నలు పక్కన పడేసి వాళ్ళనే మాట్లాడనిచ్చారు. నేను చేసేది దానికి చిన్న నకలు. వారానికి ఇద్దరితో, సాయంత్రం టీ దగ్గర, ఒకటే ప్రశ్న: "ఈ వారం చిరాకు తెప్పించింది ఏంటి?" కత్తిపీట మొద్దుబారింది, ఫ్యాను శబ్దం, పీట ఎత్తు తక్కువై నడుం నొప్పి, ఇలాంటివే వస్తాయి, పెద్ద తత్వాలు రావు. వారం లోపు అవుననో కాదనో చెప్పేయాలి, కుదరకపోతే ఎందుకో కూడా. అడిగి ఊరుకోవడం కన్నా అడక్కపోవడమే నయం.

"నెల ఉత్తమ ఉద్యోగి" ఫోటోలు, వాట్సాప్‌లో శుభోదయం సూక్తులు, మైకు పట్టుకుని ఉత్సాహపరిచే ప్రసంగాలు మేమూ ఒకటి రెండు ప్రయత్నించాం. ఒకరిని ఉత్తమ అన్నాక మిగిలిన 22 మందితో నెలంతా గడపాలి. మెచ్చుకోవాలనుంటే పని పేరు పెట్టి, అక్కడే, ఆ మనిషికే చెప్పండి, "నిన్న గోపాలపూర్ ఆర్డరులో ఒక్కటీ విరగలేదు" అని. సరిపోతుంది.

మొన్న మంగళవారం పొద్దున అక్క ఫోన్ చేసి ఇవాళ ఒత్తడం లేదు అంది. సరేనన్నాను. పదకొండింటికి మబ్బు విడిపోయి ఫెళ్ళున ఎండ కాసింది, సాయంత్రం దాకా కాస్తూనే ఉంది, ఒక్క చినుకు లేదు. దిగపహండి ఆర్డరు ఒకరోజు వెనకబడింది. మధ్యాహ్నం రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని రెండుసార్లూ పెట్టేశాను. సాయంత్రం షెడ్డుకి వెళ్తే ఆమే ఎదురొచ్చి, "ఇయ్యాల నా లెక్క తప్పింది బాబూ, రేపు అరగంట ముందొస్తాం" అంది. అందరూ ఆరున్నరకే వచ్చారు.